మూడు బోర్డులు మారిన షటిల్ షెడ్డు

మా షెడ్డు మీద ఇప్పటికి మూడు బోర్డులు మారాయి. 2017 జూన్‌లో మొదట వేయించినదాని మీద రాకెట్ ఎత్తి గాలిలోకి ఎగిరిన ఒక అమ్మాయి నీడబొమ్మ, దాని కింద బంగారు రంగులో 'అంతర్జాతీయ ప్రమాణాల బ్యాడ్మింటన్ అకాడమీ' అన్న అక్షరాలు ఉండేవి. రెండో బోర్డులో 'అంతర్జాతీయ' పోయింది. 2025 సంక్రాంతి వెళ్లాక వేయించిన మూడోదాంట్లో అకాడమీ కూడా పోయి, 'ఇక్కడ షటిల్ ఆడుకోవచ్చు' అన్న ఒక్క వాక్యం, కింద వేళలు, రేట్లు మాత్రమే మిగిలాయి. ఈ మూడు బోర్డుల మధ్య ఏడున్నరేళ్లలో జరిగినదాన్ని మా బంధువులు నా పట్టుదల అని చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో ఎవరి పిల్లవాడైనా పరీక్ష తప్పితే నన్ను చూపించి ధైర్యం చెబుతారు. నాకు ఆ మాటతోనే పేచీ. పట్టుదల మొదటి రోజు నుంచీ ఉంది. అది నిండుగా ఉన్న రోజుల్లోనే నేను ఎక్కువ పోగొట్టుకున్నాను. షెడ్డును నిలబెట్టింది, ఏ పతకమూ ఆశించకుండా నెలనెలా రుసుము కట్టి ఆడుకునే మామూలు మనుషుల అలవాటు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా డబ్బు, ఒక వరద ఖర్చయ్యాయి కనుక కాస్త వివరంగానే రాస్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ట్రాక్టరు విడిభాగాల దుకాణంలో పదకొండేళ్లు లెక్కలు రాసినవాణ్ణి. కాలేజీ రోజుల్లో నేను ఆడింది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతితో, ఇటు ఐదుగురు అటు ఐదుగురు, ఆరుబయట మట్టినేల మీద ఆడే ఆ ఆట ఒకప్పుడు మన జిల్లాల్లో ఊరూరా ఉండేది. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారికి 1970లో అర్జున అవార్డు తెచ్చిపెట్టింది కూడా ఆ ఆటే. దానికి కావలసిందల్లా చదును చేసిన నేల, రెండు గుంజలు, సున్నం, సాయంత్రం పూట గాలి తక్కువగా ఉండటం. ఆ నేలలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. ఆ తరువాత వచ్చిన షటిల్‌కు గోడలు కావాలి, కప్పు కావాలి, దీపాలు కావాలి, అంటే అద్దె కావాలి. ఆట వ్యాపారం కావడానికి మా ఊళ్లో కారణం ఇదే తప్ప ఎవరి దురాశా కాదని నా అభిప్రాయం.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో సింధు ఫైనల్ ఆడిన సాయంత్రం మా దుకాణం షట్టరు సగానికి దించి అందరం టీవీ ముందు కూర్చున్నాం. మరుసటి ఏడాది గుంటూరు కుర్రవాడు కిదాంబి శ్రీకాంత్ ఇండొనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో ఒకే సంవత్సరంలో నాలుగు సూపర్ సిరీస్ బ్యాడ్మింటన్ టైటిళ్లు గెలిచాడు. అతను మొదటిది గెలిచే నాటికి నేనూ నా చిన్ననాటి స్నేహితుడూ కలిసి అజిత్‌సింగ్ నగర్ దాటాక ఉన్న ఒక పాత సిమెంటు గోడౌనుకు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాం. ఆ రోజుల్లో మాకు తెలిసిన ఆదర్శం ఒక్కటే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలం ఇచ్చింది. కట్టడానికి డబ్బు చాలక ఆయన ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008లో అకాడమీ తెరిచాడు. ఆ తరువాత సైనా, సింధు, శ్రీకాంత్. ఈ కథను నేను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! చెప్పిన ప్రతిసారీ 'ఇల్లు తాకట్టు' దగ్గర గొంతు కాస్త పెంచేవాణ్ణి, ఎందుకంటే మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టడానికి నాకు ఒక పూర్వకథ కావాలి.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఆ కథలో నేను ఎంచుకున్నది తాకట్టును మాత్రమే. అందులో ప్రభుత్వ భూమి ఉంది, కోట్లలో విరాళమిచ్చిన నిమ్మగడ్డ ప్రసాద్ లాంటి దాత ఉన్నాడు, అన్నిటికీ మించి తెల్లవారకముందే కోర్టులో నిలబడి ప్రపంచస్థాయి ఆటను తన చేత్తో నేర్పగల ఆల్ ఇంగ్లండ్ విజేత ఉన్నాడు. మా దగ్గర అద్దె గోడౌను, రెండు బీకాం డిగ్రీలు ఉన్నాయి. ఒకరి విజయగాథలోంచి కష్టాన్ని మాత్రమే నకలు తీసుకుంటే మనకు మిగిలేది ఆ కష్టమే అన్న సంగతి లెక్కలు రాసేవాడికి ముందే తట్టి ఉండవలసింది.

కట్టేటప్పుడు చేసిన తప్పులు చాలా ఉన్నాయి గానీ రెండు చెబుతాను. గోడౌను కప్పు కింద ఇనుప దూలాల ఎత్తు ఇరవై ఆరడుగులు. పెద్ద పోటీలకు ఇంకా ఎంతో ఎత్తు కావాలని తెలుసు. మనకు ఇది చాలుననుకున్నాం. తెరిచిన మొదటి వారంలోనే ఎత్తుగా లేపిన షటిల్ కాక్ దూలానికి తగలడం, అది పాయింటా కాదా అని అరుపులు. చివరికి 'మొదటిసారి తగిలితే లెట్, అంటే ఆ పాయింటు మళ్లీ ఆడాలి, రెండోసారి తగిలితే ఎదుటివాళ్లకు పాయింట్' అని మా షెడ్డుకు మేమే ఒక రాజ్యాంగం రాసుకున్నాం. ఇప్పటికీ అదే నడుస్తోంది, బయటి నుంచి వచ్చినవాళ్లు మాత్రం నవ్వుతారు. రెండో తప్పు దీపాలు. కోర్టు నడినెత్తిన వరసగా బిగించాం. స్మాష్ కొట్టడానికి తల ఎత్తినవాడికి కాక్ కనిపించదు, దీపం కనిపిస్తుంది. నెల తిరగకుండానే అన్నీ విప్పించి కోర్టుల పక్కలకు మార్చాం. ఫ్యానుల సంగతి సరేసరి: గాలి తగిలితే ఐదు గ్రాముల కాక్ దారి తప్పుతుంది కనుక ఆట నడుస్తుండగా ఫ్యాను వేయకూడదు. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందో మా ఊరిని బ్లేజ్‌వాడ అన్నవాడికి కూడా పూర్తిగా తెలిసి ఉండదు. ఆ విధంగా రోజులో పదిగంటలు మూడు కోర్టులూ పడుకునే ఉండేవి, అద్దె మాత్రం నిద్రపోయేది కాదు.

మా నమ్మకమంతా పిల్లల కోచింగు మీద. వచ్చిన ప్రతి తండ్రీ అడిగిన మొదటి ప్రశ్న, 'సార్, మావాడు స్టేట్ ఆడటానికి ఎన్నాళ్లు పడుతుంది?' ఒకాయనైతే ఏడేళ్ల పాపను తీసుకువచ్చి, స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగు సీటుకు ఇప్పటి నుంచే ప్రణాళిక వేయాలన్నాడు. ఆ పాప మాత్రం అంతసేపూ రాలిపోయిన ఈకలు ఏరుకుని జడలో గుచ్చుకుంటోంది. మేమూ ఆ ఆశనే అమ్మాం కనుక వాళ్లను తప్పుపట్టలేను. నెలకు 25,000 రూపాయల జీతం మీద ఒక కోచ్‌ను పెట్టుకున్నాం, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మూడు కోర్టులూ పిల్లలకే ఇచ్చేశాం. 2019లో ఒక నెల లెక్క ఇప్పటికీ నా డైరీలో ఉంది. అద్దె 60,000, కరెంటు 15,000, ఊడ్చి కాపలా కాసే మనిషికి 12,000, కోచ్‌కు 25,000, పిల్లల ప్రాక్టీసుకు పోయిన కాక్‌లు 12,000, వెరసి 1,24,000. రాబడి చూస్తే, పిల్లలు 31 మంది, తలకు 1,500 చొప్పున 46,500, నెలవారీ పెద్దలు 48 మంది, 1,200 చొప్పున 57,600, గంటల లెక్కన ఆడేవాళ్ల దగ్గర 22,000, వెరసి 1,26,100. ఇద్దరు భాగస్వాములకు కలిపి మిగిలింది 2,100 రూపాయలు. మా ఊడ్చే మనిషి మా ఇద్దరికంటే ధనవంతుడు.

ఆ దసరాకు ముందు కోచ్ వెళ్లిపోయాడు. ఊరి అవతల కొత్తగా తెరిచిన ఒక అకాడమీ ఎక్కువ జీతమిచ్చింది. 31 మంది పిల్లల్లో 22 మంది ఆయన వెంట వెళ్లారు. వాళ్ల నాన్నలలో కొందరు నాతో రెండేళ్లు టీ తాగినవాళ్లు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ వారం నేను తిన్న అన్నం ఏమిటో నాకు గుర్తులేదు. నా భాగస్వామి మాత్రం, వాడి స్వభావం అటువంటిది, ఒక కాగితం తీసుకుని మళ్లీ లెక్క వేశాడు. పిల్లల దగ్గర వచ్చే 46,500లో కోచ్‌కు 25,000, కాక్‌లకు 12,000 పోగా మాకు మిగులుతున్నది 9,500. దానికోసం రోజులో అందరూ అడిగే రెండు గంటలు, మూడు కోర్టులూ ఇచ్చేస్తున్నాం. అదే రెండు గంటలు ఆఫీసుల నుంచి వచ్చే పెద్దలకు ఇస్తే, కోర్టుకు నలుగురు చొప్పున 24 మంది, 28,800 రూపాయలు. వాళ్లకు కోచ్ అక్కర్లేదు, కాక్‌లు వాళ్లవే. వెన్నెముక అనుకున్నది మాకు బరువు అని మాకు చెప్పినవాడు మమ్మల్ని వదిలి వెళ్లిన కోచే. నేను దాన్ని ఎదురుదెబ్బగా రెండు నెలలు తలచుకుని బాధపడ్డాను, లెక్క కాగితం మీద అది లాభంగా కనిపిస్తున్నా సరే.

2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక ముఖాముఖిలో, డబ్బున్న ఇల్లో కుటుంబ వ్యాపారమో లేకపోతే పిల్లలను ఆటనే వృత్తిగా ఎంచుకోనివ్వవద్దని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. పతకం గెలిచినవాళ్ల గురువు చెప్పిన మాట అది. ఆ ఇరుకు దారి ఎంత ఇరుకో ఆయనకంటే తెలిసినవారెవరు? నేను అడిగేది వేరే ప్రశ్న. వృత్తి కాకపోతే ఆట ఇంకేమిటి? మన ఇళ్లలో పదో తరగతితో ఆట అయిపోతుంది. ఆపైన ఆడేవాణ్ణి 'ఇంకా ఆటలేనా' అంటారు, నలభై దాటాక షుగరు వస్తే డాక్టరు నడవమంటాడు. ఛాంపియన్‌కూ షుగరు మాత్రకూ మధ్య మరే దారీ లేనట్టు మనం ప్రవర్తిస్తాం. ఆ మధ్య దారిలో నడిచే మనుషులే మా షెడ్డుకు అద్దె కట్టినవాళ్లు.

వాళ్ల గురించి చెప్పాలి. పొద్దున ఐదింటి బ్యాచిలో రైల్వేలో గార్డుగా రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. షెడ్డు తాళం నేను తీసేటప్పటికే బయట అరుగు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటారు. బయట వేసుకున్న బూట్లతో ఎవరినీ మ్యాట్ ఎక్కనివ్వరు; ఒకసారి నన్నే ఆపారు. ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే ఒక మేస్త్రీ, కూరల దుకాణం నడిపే ఆయన, ఇద్దరు టీచర్లు, ఒక హోమియోపతీ డాక్టరు. గేము ఓడినవాళ్లు టీ పోయించాలి, అది తప్ప పందెం లేదు. వీళ్ల పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది. ఫెదర్ కాక్‌లో పదహారు ఈకలుంటాయి, బాతువో హంసజాతి పక్షివో. రెండు ఈకలు విరిగితే అది గాలిలో తాగినవాడిలా ఊగుతుంది. ఈకలు ఎండిపోయి విరగకుండా ఆడబోయే ముందు రాత్రి కాక్‌ల డబ్బాకు రెండు మూతలూ తీసి, మరిగే కెటిల్ ఆవిరి దాని గుండా పోనిచ్చి, మళ్లీ మూసి పెడతారు. ఆ చిట్కా మేస్త్రీది. ఈమధ్య ఫెదర్ ధరలు విపరీతంగా పెరిగాక సగంమంది నైలాన్‌కు దిగారు; 'చేతికి బరువు, జేబుకు తేలిక' అని గార్డుగారి వ్యాఖ్య.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మూతపడిన నెలల గురించి ప్రతి చిన్న వ్యాపారి దగ్గరా ఒకే కథ ఉంటుంది కనుక నాది వేరుగా చెప్పను. మళ్లీ తెరిచాక నేర్చుకున్న ఒక్క సంగతి మాత్రం ఉంది. 2021 చివరిలో ఇద్దరు ఇల్లాళ్లు వచ్చి, పిల్లలను బడికి పంపాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఆడుకోవచ్చా అని అడిగారు. ఆ వేళకు ఎవరూ రారని నాలుగేళ్లుగా ఖాళీగా వదిలేసిన గంటలవి. సరేనన్నాను. నాలుగు రోజులు వచ్చి మానేశారు. కారణం అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. మా ఆవిడ వెళ్లి అడిగితే చెప్పారు: ఉన్న ఒక్క మరుగుదొడ్డికి గడియ సరిగా పడదు, బట్టలు మార్చుకునే చోటు లేదు, నీళ్ల కూలరు దగ్గర కాపలా మనిషి స్నేహితులు కూర్చుని చూస్తుంటారు. నాలుగేళ్లుగా 'ఆడవాళ్లు ఆడరండీ' అని నేను ఊళ్లో చెప్పుకున్న సిద్ధాంతం మొత్తం ఒక గడియ మీద ఆధారపడి ఉంది. వేరే మరుగుదొడ్డి, చిన్న గది కట్టించడానికి 70,000 అయింది. ఏడాదికల్లా ఆ బ్యాచి ఇరవై ఆరుకు చేరింది. ఇద్దరు మొదట చీరె కొంగు బొడ్లో దోపుకుని ఆడేవారు, ఇప్పుడు ట్రాక్ ప్యాంట్లలో వస్తున్నారు. వాళ్ల డ్రాప్ షాట్ ఎదుర్కోవడానికి పొద్దుటి బ్యాచివాళ్లు ఆదివారం తడబడటం నేను చూశాను.

బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు వచ్చి రాత్రి బ్యాచి కుర్రాళ్లను సగం ఎత్తుకుపోయాయి. అది పెద్ద దెబ్బే గానీ, అప్పటికి మా బరువు కుర్రాళ్ల మీద లేదు.

ఇక వరద. 2024 ఆగస్టు 31న శనివారం రోజంతా వాన. ఆ రాత్రి బుడమేరు పొంగిందని, కట్టకు గండ్లు పడ్డాయని తెలిసేసరికే ఆదివారం తెల్లవారింది. సింగ్ నగర్ వైపు వెళ్లే దారి మూసుకుపోయింది. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం, 2005లోనూ వచ్చింది. అయినా, అద్దె తక్కువని ఆ దిగువ నేలలో గోడౌను తీసుకున్నది మేమే. ఒకవైపు బుడమేరు, మరోవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ. పడవల మీద, ట్రాక్టర్ల మీద మనుషులను తరలిస్తున్నప్పుడు షెడ్డు గురించి ఆలోచించడం కూడా సిగ్గుగా అనిపించింది. మా ఊడ్చే మనిషి కుటుంబం రెండు రోజులు డాబా మీద ఉండి, మూడోరోజు బయటపడింది. వినాయక చవితి నాటికి గండ్లు పూడ్చారు గానీ, నీరు మా గోడౌను లోంచి దిగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

తొమ్మిదో రోజు షట్టరు ఎత్తినప్పటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గోడ మీద నాలుగున్నర అడుగుల ఎత్తున ఒక గోధుమరంగు గీత, సర్వేయరు గీసినంత తిన్నగా. బురద కింద ఆకుపచ్చ మ్యాట్‌లు అలలు అలలుగా ఉబ్బి ఉన్నాయి. వాటి కింద చెక్కపట్టీలు, వాటి మీద ప్లైవుడ్ పలకలు ఉంటాయి. మోకాళ్లకు దెబ్బ తగలకుండా నేల కాస్త దిగి లేవడానికి ఆ ఏర్పాటు. ఆ పలకలు పొరలు విడిపోయి, నూనెలో పడ్డ అప్పడాల్లా అంచులు పైకి లేపాయి. ఒకదాని మీద అడుగు వేస్తే మెత్తగా లోపలికి దిగి, చీలికలోంచి నల్లని నీరు బయటికి వచ్చింది. నెట్టు మాత్రం ఎక్కడ కట్టింది అక్కడే ఉంది. దాని గళ్లలో గుర్రపుడెక్క వేళ్లు చిక్కుకుని, చిన్న చిన్న చేపలు ఎండిపోయి వేలాడుతున్నాయి.

బీమా ఉంది. కానీ రెండేళ్ల కిందట రెన్యువల్ సమయంలో ప్రీమియం తగ్గుతుందంటే తుపాను, వరద రక్షణను నేనే తీసేయించాను. ఆ కాగితం మీద సంతకం నాదే. మిగిలింది ఎంతో తెలుసా, ఏడాదికి మా టీ ఖర్చంత. ఈ విషయంలో నిందించడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చాలా వెతికాను.

ఇక మూసేద్దామని ఇద్దరం నిర్ణయించుకున్నాం. మెంబర్లకు ఆ నెల రుసుములు తిరిగి ఇవ్వడానికి రమ్మని కబురు పెట్టాం. వచ్చినవాళ్లలో మేస్త్రీ ఇల్లు కూడా మునిగింది. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 ఇంకా ఆయన ఖాతాలో పడలేదు. అయినా నేను డబ్బు లెక్కపెడుతుంటే అడ్డుకుని, 'తిరిగి ఇవ్వడం సరే, ఎప్పుడు తెరుస్తారో అది చెప్పండి' అన్నాడు. తెరవడం లేదన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి గార్డుగారు చీపురు తీసుకుని గోడ పక్కన బురద లాగడం మొదలుపెట్టారు. ఒక గంటలో పన్నెండు మంది బురద ఎత్తుతున్నారు. ఒక్కో మ్యాట్ చుట్టను నలుగురు పట్టుకుంటే గానీ కదలదు. బయట రోడ్డు మీద పరిచి, బట్టలు ఉతికే బ్రష్షులతో మూడు రోజులు రుద్దారు. మ్యాట్‌లు బతికాయి.

వడ్రంగి లెక్క కోర్టుకు 2,60,000. ఆదివారం మీటింగులో ఎవరో చందాలు వేసుకుందామన్నారు. ఆ మాటకు నేను ఒప్పుకోకపోవడం చాలామందికి నా అహంకారంగా కనిపించింది. నా వాదన ఇది: చందా ఇచ్చినవాడు దాత అవుతాడు, దాత మరుగుదొడ్డి కంపు గురించి ఫిర్యాదు చేయడానికి మొహమాటపడతాడు, తీసుకున్న నేను అతని ముందు జన్మంతా చేతులు కట్టుకుని నిలబడాలి. ఇద్దరూ నటించాలి. ఆ నటన ఏడాది కంటే ఎక్కువ సాగదు, అది ఆగిన రోజు షెడ్డు మూతపడుతుంది. కనుక చందా వద్దు, ఏడాది రుసుము ముందుగా కట్టండి, రసీదు ఇస్తాను, ఫలానా తేదీకి తెరవకపోతే డబ్బు తిరిగి అడిగే హక్కు ఆ రసీదు మీద రాసి ఉంటుంది అన్నాను. హోమియోపతీ డాక్టరుగారు 'రసీదెందుకయ్యా, మనమూ మనమూ' అంటూ తోసేశారు. ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను. 41 మంది, నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000. మొత్తం 7,38,000 రూపాయలు. మేస్త్రీ మూడు విడతల్లో కట్టాడు, మూడింటికీ రసీదులున్నాయి.

రెండు కోర్టులకు చెక్క వేయడానికి 5,20,000, వైరింగు, మోటారు, రంగులకు లక్షన్నర, మిగిలింది 68,000. వినడానికి ఇది సుఖాంతంలా ఉంటుంది గానీ ఆ తరువాతి ఏడాదే మా బతుకులో అతి కష్టమైనది, ఎందుకంటే మామూలుగా అద్దె కట్టే ఆ 41 మంది నుంచి పన్నెండు నెలలు రూపాయి రాదు. గోడౌను యజమాని మూడు నెలల అద్దె వదులుకున్నారు. ఆడవాళ్ల బ్యాచి, గంటల లెక్కన వచ్చేవాళ్లు, కొత్త మెంబర్లు కలిసి 96,000 దాకా తెచ్చారు, ఖర్చు 1,04,000. నెలనెలా పడే ఎనిమిదివేల గుంటను ఆ 68,000తో పూడ్చుకుంటూ వచ్చాం. ఆ ఏడాదిలోనే డాక్టరుగారు ఒక పొద్దున, రెండో కోర్టు మూల దీపం వారం నుంచి వెలగడం లేదని, ముందే డబ్బు తీసుకున్నానన్న నిర్లక్ష్యమా అని నన్ను అందరి ముందూ కడిగేశారు. నాకు లోలోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. జేబులో రసీదు ఉన్న మనిషి అలాగే మాట్లాడాలి.

ఆట ప్రజల హక్కు, దానికి డబ్బు తీసుకోవడమేమిటి, ప్రభుత్వమే ఉచితంగా చూడాలి కదా అని అడిగేవారున్నారు. వాళ్లతో నాకు సగం ఏకీభావం. మున్సిపాలిటీ ప్రతి డివిజన్‌లో ఒక ఖాళీ నేలను ప్లాటు కాకుండా కాపాడగలిగితే బాల్ బ్యాడ్మింటన్ ఇంకా బతికేది, మా షెడ్డు అవసరమే ఉండేది కాదేమో. కానీ మన ప్రభుత్వాలకు ఆట అంటే పోటీ, ప్రారంభోత్సవం, బహుమతి ప్రదానం. 2023 డిసెంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ క్రీడా పోటీలు 'ఆడుదాం ఆంధ్ర' రెండు నెలలలోపు ముగిశాయి. ఆ పోటీల్లో గెలిచినవాళ్లు మూడో నెల ఎక్కడ ఆడారన్నదే నా ప్రశ్న. అది ఏ పార్టీకైనా వేయవలసిన ప్రశ్న. పొద్దున ఐదింటికి తాళం తీసే మనిషికి జీతం ఏ పథకంలోనూ ఉండదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో ఒకేసారి మూడు బంగారు పతకాలు గెలిచిన జ్యోతి సురేఖ మా ఊరి అమ్మాయేనని అందరం గర్వపడతాం. ఆ గర్వం మా ఊరి నలభై ఏళ్ల గుమస్తా ఆడుకోవడానికి చోటు చూపించదు. ఆ చోటుకు ఖర్చుంది, ఆ ఖర్చు ఎంతో గోడ మీద రాసి పెట్టి, దాన్ని తలా ఇంత పంచుకోవడాన్ని నేను వ్యాపారం అంటాను. సేవ అన్న మాటను మా బోర్డు మీద ఎప్పుడూ రాయించలేదు.

మూడో కోర్టు సంగతి ఇంకా తేలలేదు. డబ్బు చాలక దానికి చెక్క వేయలేదు. సిమెంటు నేల మీదే మ్యాట్ పరిచి, గంటకు మిగతావాటిలో సగం రేటు పెట్టాం. నైలాన్ కాక్‌తో ఆడేవాళ్లకు, బడి పిల్లలకు, మోకాళ్లు ఇంకా గట్టిగా ఉన్నవాళ్లకు అది సరిపోతోంది. మొన్న దసరాకు లెక్క చూస్తే మధ్యాహ్నం మూడు తరువాత ఎక్కువ గంటలు నిండుతున్నది అదే కోర్టు. చెక్క వేయిస్తే రేటు సమం చేయాలి. సమం చేస్తే ఏడాది రాబడి ఇరవై లక్షల గీత దాటి 18 శాతం జీఎస్టీ మీద పడుతుంది, అది మళ్లీ రేటు మీదే కూర్చుంటుంది. నా భాగస్వామి వేయిద్దామంటాడు, సిమెంటు మీద ఎగిరితే పిల్లల మోకాళ్లు పదేళ్ల తరువాత అడుగుతాయంటాడు. అది నిజమే. ఆదివారం మీటింగులో ఓటు పెట్టాం. గార్డుగారితో సహా పెద్దలు చెక్కకు, మూడో కోర్టులో ఆడే పిల్లలు పద్నాలుగు మందీ సిమెంటుకు చేతులెత్తారు. పిల్లలకు ఓటు ఉందా లేదా అన్న దగ్గర మీటింగు ఆగిపోయింది. నెలకు 300 కడుతున్నాం, రసీదులు ఉన్నాయి అని వాళ్లలో ఒకడు సంచీలోంచి తీసి చూపించాడు.